ఆగ్నేయ మూలలో రెండు నిప్పులు

మొన్న భోకర్ బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే తెలిసింది, కాకా పోయాడని. "నిష్ఠ గల మనిషి. అసొంటోల్లు ఇగ పుట్టరు," అన్నాడు వాళ్లలో ఒకాయన. నాకు నవ్వు ఆగలేదు. చావు కబురు విని నవ్విన ఆడదాన్ని ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాను. పుట్టకపోతే మంచిదే అని మాత్రం పైకి అనలేదు. పోయినవాడికి నేను చూపగలిగిన మర్యాద అదొక్కటే.

నాందేడులో ఆయన ఇంటి వెనక వాటాలో మేం కొన్నేళ్లు అద్దెకున్నాం. మాది మగ్గాల కుటుంబం, మా ఆయనకు బట్టల మిల్లులో పని. ఇంటాయన తహసీలు కచేరీలో పేష్కారుగా చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా వీధిలో మరాఠీవాళ్లంతా కాకా, కాకూ అని పిలిచేవాళ్లు. మేమూ ఆయన్ని కాకా అనే అన్నాం, ఆయన భార్యను కాకూ అన్నాం. పేరుతో పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు.

నౌకరీ అయిపోయినా కచేరీ ఆయన్ని వదల్లేదు. పొద్దున పూజ కాగానే వాకిట్లో అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. వీధిలో పోయే ప్రతివాడూ ఆయన ముందు అర్జీ పెట్టుకోవడానికే వస్తున్నాడని ఆయన నమ్మకం. గాజులమ్మేవాడికి గాజులు ఎట్లా తొడగాలో చెప్పేవాడు. రిక్షావాడికి రిక్షా ఎట్లా తొక్కాలో చెప్పేవాడు. మరాఠీలో మందలించి, దక్కనీలో గద్దించి, తెలుగులో తిట్టేవాడు. మూడు భాషల్లో దేంట్లోనూ "నాకు తెల్వదు" అనే మాట ఆయన నోట నేను వినలేదు. అవతలివాడు ఏదైనా చెప్పబోతే ఎడమ చెయ్యి ఎత్తి, కళ్లు మూసుకుని, "తెల్సు, తెల్సు" అనేవాడు. అవతలివాడు చెప్పబోయేది ఇల్లు కాలిపోతోందని అయినా అదే మాట.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. కోడలితో నేరుగా మాట్లాడేవాడు కాదు. శకుంతల ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్లు దాటినా ఆమెకు చెప్పాల్సినవన్నీ గోడకు చెప్పేవాడు, లేదా కాకూకు. "చాయ్‌ల చక్కెర ఎక్కువైంది, దానికి చెప్పు." ఆమె అక్కడే, చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టి ఇంకా చెయ్యి వెనక్కి తీసుకోకుండానే ఉండేది. కొడుకుది పర్భణీలో బ్యాంకు నౌకరీ. ఆదివారం వచ్చి తండ్రి ముందు తల ఊపి సోమవారం పోయేవాడు. అతని గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

గ్యాసు మా వీధికి కొత్తగా వస్తున్న రోజులవి. అందరికంటే ముందు కాకాకే వచ్చింది, దరఖాస్తులు ఎక్కడ ఎట్లా కదలాలో ఆయనకు తెలుసు కదా. సిలిండరు బండి మీంచి దిగుతుంటే వీధి మొత్తం చూసింది. ఆయన అరుగు దిగి వచ్చి, వేలి కణుపులతో దాన్ని టకటక కొట్టి, చెవి ఆనించి విని, బాగుందన్నట్టు తలాడించాడు. ఖర్బూజా కొనేటప్పుడు కూడా సరిగ్గా అట్లాగే చేసేవాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. ఆ ఇంట్లో వంట మడితో జరగాలి. స్నానం చేసి, తడిపి ఆరేసిన చీర కట్టుకుని, ఎవరినీ తాకకుండా కోడలు వండాలి, ఆయన తినాలి. మరి సిలిండరును ఎంతమంది ముట్టుకున్నారో ఎవరికి తెలుసు? రబ్బరు గొట్టం దేంతో చేస్తారో ఎవరు చూశారు? అందుకని స్టవ్ వంటింట్లోకి రావచ్చు, సిలిండరు రాకూడదు. స్టవ్ ఇనుముకు మైల అంటదట, సిలిండరు ఇనుముకు అంటుతుందట, రబ్బరు గొట్టం కొస మాత్రం గోడలోంచి రావచ్చట. మంట వంటింట్లో వెలగొచ్చు, ఎందుకంటే అగ్ని అన్నింటినీ శుద్ధి చేస్తుంది. ఈ చట్టాలన్నీ ఒక్క పొద్దులో ఆయనే రాసుకున్నాడు, ఆయనే అమలు చేశాడు.

వంటింటి పక్కనే స్నానాల గది. అక్కడ రాగి బంబు ఉండేది. ఆ రోజుల్లో అక్కడ కాస్త కలిగిన ప్రతి ఇంట్లోనూ ఉండేది అది: పెద్ద రాగి పాత్ర, నడుమ గొట్టం, అడుగున నిప్పులు, చుట్టూ నీళ్లు. పైన రేకు గొట్టం తగిలించి పొగను గోడ వెంట వెంటిలేటరు దాకా పంపేవాళ్లు. పొద్దున్నే చెక్కపొట్టు, బొగ్గులు వేసి రాజేస్తే ఆ రేకు గొట్టం చెయ్యి పెట్టలేనంత కాగేది. కాకా సిలిండరును తీసుకెళ్లి దాని పక్కన నిలబెట్టాడు. ఎందుకంటే అది ఆ గదికి ఆగ్నేయ మూల. బంబులోది నిప్పే, సిలిండరులోదీ నిప్పే. నిప్పు ఉండాల్సింది ఆగ్నేయంలో. ఇందులో తప్పు పట్టేవాడు శాస్త్రం తెలియనివాడు.

రబ్బరు గొట్టం వంటింట్లోకి పోవడానికి గోడకు బొక్క కొట్టాలి. మేస్త్రీ కిందుగా, దూరంగా కొడతానన్నాడు. కానీ గోడకు అవతలి పక్క, సరిగ్గా అక్కడ, దేవుడి గూడు ఉంది. దేవుడి కాళ్ల దగ్గరికి రబ్బరు వస్తుందా? అందుకని బొక్క పైకి జరిగింది, మూలకు జరిగింది. చివరికి ఎక్కడ తేలిందంటే పొగ గొట్టానికి నాలుగు వేళ్ల కిందుగా. సిలిండరు నుంచి పైకి లేచిన రబ్బరు గొట్టం, కాగిన రేకు గొట్టాన్ని ఆనుకున్నంత దగ్గరగా వంగి గోడలోకి దూరేది.

గ్యాసు బిగించడానికి వచ్చిన మరాఠీ కుర్రాడు చూసి రెండు చెవులూ పట్టుకున్నాడు. "కాకా, హే చాలత్ నాహీ. బంబాచా పాయిప్ తాప్తో, నళీ వితళేల్," అన్నాడు. ఇది కుదరదు, పొగ గొట్టం కాగుతుంది, రబ్బరు కరుగుతుంది అని. కాకా ఎడమ చెయ్యి ఎత్తి కళ్లు మూసుకున్నాడు.

"హమ్‌కు సికాతా క్యా రే?" అని, మాకే నేర్పుతావా అన్నట్టు, వాణ్ణి గద్దించి, ఆ తర్వాత వెనక వాకిట్లో బట్టలు ఆరేసుకుంటున్న నా వైపు తిరిగి, "మేం సూడని నిప్పా?" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే తర్వాత వచ్చిన ప్రతివాడితోనూ అదే అన్నాడు. కుర్రాడు బిగించనని పోయాడు. సాయంత్రం కాకా సైకిలు పంచర్లు వేసేవాణ్ణి పిలిపించి బిగించుకున్నాడు.

కొన్నాళ్లకే రబ్బరు గొట్టం మెత్తబడిందని శకుంతల కాకూతో చెప్పింది, కాకూ కాకాతో చెప్పింది. వేరేవాడైతే బంబునైనా జరిపేవాడు, సిలిండరునైనా జరిపేవాడు. ఒక్క బార దూరం జరిపితే అయిపోయే పని. కాకా రెండూ జరపలేదు. ఆలోచించి, గోనెపట్ట ఒకటి తెప్పించి, దాన్ని రబ్బరు గొట్టానికి చుట్టబెట్టించి, దాని మీద నీళ్లు పోస్తూ ఉండమన్నాడు. తడి ఉన్నంతసేపు కాలదు కదా! ఈ ఉపాయానికి ఆయన మురిసిపోయిన తీరు చూడాలి. వచ్చిన చుట్టాలందరినీ స్నానాల గది గడప దాకా తీసుకెళ్లి చూపించేవాడు. "సూడుండ్రి, ఇటు నిప్పు, అటు గ్యాసు, నడుమ గంగ," అనేవాడు. వాళ్లు బాగుందనేవాళ్లు. ఆయన ఇంట్లో భోజనం చేయబోయేవాళ్లు ఇంకేమంటారు?

ఆ నడుమ గంగ శకుంతల. తెల్లారకముందే లేచి బంబు రాజేసేది. గోనెపట్ట మీద చెంబుతో నీళ్లు పోసి వంటింట్లోకి ఉరికేది. పప్పు పొంగేలోపల మళ్లీ వచ్చి నీళ్లు పోసేది. కాకా స్నానం అయ్యి, కాకూ స్నానం అయ్యి, బంబు చల్లారేదాకా అదే పరుగు. కాస్త ఆలస్యమైతే గోనె కమురు వాసన మా వాటాలోకి వచ్చేది. నేను వెనకనుంచి, "శకుంతలా, నీళ్లు!" అని కేకేసేదాన్ని. ఆమె చీర కుచ్చిళ్లు ఎప్పుడూ తడిగానే ఉండేవి.

ఒకసారి ఉండబట్టలేక నేనే అడిగాను. "కాకా, బంబును గా గోడకు జరిపితె అయిపాయె గద. పిల్ల గిట్ల ఎన్ని దినాలు ఉరుకుతది?"

"గది నైరుతి. నైరుతిల నిప్పు వెడితె ఇల్లు మునుగుతది. నీకేం ఎర్కనే?"

"మరి గ్యాసునే వంటింట్ల పెట్టుకోరాదుండ్రి?"

ఆయన నన్ను చూసిన చూపు, నేనేదో దేవుడి గూట్లో చెప్పులు పెట్టమన్నట్టు ఉంది. కోడలు ఉరకడానికి ఆయన లెక్కలో ఖర్చు లేదు. అసలు సంగతి అదీ.

ఇట్లా ఏడాది గడిచింది. ఒక రోజు మధ్యాహ్నం భోకర్ నుంచి శకుంతల అన్న వచ్చాడు. తల్లికి పక్షవాతం వచ్చింది, ఒక పక్క పడిపోయింది, మాట ఇంకా ఉంది, కూతుర్ని కలవరిస్తోంది, వెంట తీసుకుపోతానని. కాకా అరుగు మీద కూర్చుని విన్నాడు. శకుంతల తలుపు వెనక నిలబడింది. నేను మా గుమ్మంలో ఉన్నాను.

"పోవాల్సిందే," అన్నాడు కాకా. "తల్లి గద. గని రేపు కాదు. ఏకాదశి కానియ్యుండ్రి. ఇది పోతె గొట్టానికి నీళ్లెవ్వరు పోస్తరు?"

అతను ముందు నవ్వాడు, పరిహాసం అనుకుని. తర్వాత కాకా మొహం చూసి నవ్వు ఆపాడు. "నాలుగు దినాలు బంబు పెట్టకుండ్రి మామా," అన్నాడు.

"చన్నీళ్లు నాకు పడయ్."

కాకూ చేత పోయించవచ్చు, కానీ ఆమెకు మోకాళ్లు లేవవు, చూపు ఆనదు. నేను ముందుకొచ్చాను. "నేను పోస్త కాకా. పొద్దుగాల నాకేం పని ఉన్నది, దాన్ని పోనియ్యుండ్రి."

కాకా కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి ఎత్తాడు. "మా తానాల అర్రలకు నువ్వెట్ల వస్తవే? మడినీళ్లు ఉంటయి అండ్ల."

అతను ఒంటరిగా బస్సెక్కి పోయాడు. ఏకాదశి అయింది. ఆ వెంటనే తన తండ్రి తద్దినం వస్తోందని కాకాకు గుర్తొచ్చింది, తద్దినం నాడు కోడలు లేకుంటే ఎట్లా? తద్దినం అయింది. ఆ రోజుల్లో శకుంతల గోనెపట్ట మీద నీళ్లు పోస్తుంటే చూశాను. చెంబు వంచి, నీళ్లు కారిపోయాక కూడా అట్లాగే వంచి పట్టుకుని నిలబడేది. "అక్కా, మా అమ్మ నన్ను ఏమనుకుంటది?" అని ఒకసారి అడిగింది. నాకు ఆ గోనెను పీకి కాకా మెడకు చుట్టాలనిపించింది. ఇప్పుడూ అనిపిస్తుంది.

చివరికి ఆమె వెళ్లింది. కాకా తనే చూసుకుంటానన్నాడు, ఆయన చూడని నిప్పా? రెండు పొద్దులు ఎట్లా గడిచాయో తెలియదు. తర్వాతి పొద్దున మా ఇంట్లోకి కమురు వాసన వచ్చింది. నేను అలవాటుగా, "శకుంతలా, నీళ్లు!" అని అరిచి, ఆమె లేదు కదా అని నాలుక కరుచుకుని, పరుగెత్తాను. నేను వాకిట్లోకి వచ్చేసరికి బుస్సుమని చప్పుడు. స్నానాల గదిలోంచి మంట వెలుగు. లోపల వంటింట్లోంచి కాకూ కేకలు.

కాకా అప్పటికే వాకిట్లో ఉన్నాడు. స్నానం చేసి మడిపంచె కట్టుకుని పూజకు కూర్చోబోతున్నాడట. రెండు చేతులూ పైకెత్తి, ఎవరూ తగలకుండా ఒంటిని వెనక్కి లాక్కుని, వాకిలి నడుమ నిలబడి అరుస్తున్నాడు.

"ఎవరన్న బంద్ చెయ్యుండ్రి! నేను ముట్టరాదు! మడిల ఉన్న!"

నా చెవులతో విన్నాను. భార్య లోపల ఉంది. ఇల్లు తనది. గ్యాసు తనది. సిలిండరు ఆయనకు కొన్ని అడుగుల దూరంలో ఉంది. ఆయన మడిలో ఉన్నాడు.

నేను మొదట వంటింట్లోకే పోయాను. ఆ ఇంటి వంటింట్లో నా కాలు పడడం అదే మొదలు. కాకూ తలుపు కనబడక ఒక గోడ పట్టుకుని ఇంకో గోడకు కొట్టుకుంటోంది. చంకల కింద చేతులు వేసి బయటికి లాక్కొచ్చాను. తర్వాత తొట్టిలోని నీళ్లలో నా కొంగు ముంచి చేతికి చుట్టుకుని, మంట కింద వంగి, సిలిండరు తిప్పుడు బిళ్ల కట్టేశాను. మంట తెగిపోయింది. గోనెపట్ట ఎండి, కాలి, రబ్బరుకు అతుక్కుని వేలాడుతోంది. గోడ నల్లబడింది. నా మణికట్టు మీద తోలు ఊడింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

బయటికొచ్చి రొప్పుతున్నాను. కాకా చేతులు దించాడు. దించి అడిగిన మొదటి మాట ఇది:

"వంటింట్లకు గిట్ల పోలేదు గద నువ్వు?"

"పోయిన కాకా," అన్నాను. "కాకూను బైటికి తెచ్చేటందుకు పోయిన. మల్ల లోపల పెట్టి రావాల్నా?"

ఆ సాయంత్రమే ఆయన ఇల్లంతా గోమూత్రం చల్లించాడు. చల్లింది వణుకుతున్న కాకూ. వారం తిరక్కుండా సైకిలువాడితో కొత్త రబ్బరు గొట్టం అదే బొక్కలోంచి, అదే మూల నుంచి వేయించాడు. అరుగు మీదికి వచ్చినవాళ్లకు కథ చెప్పడం మొదలైంది. అందులో కాకా ఉన్నాడు, ఆయన గొప్ప గుండె నిబ్బరం ఉంది, "నేను బంద్ చేయించిన" అనే మాట ఉంది. నేను లేను. కాకూ కూడా లేదు. మంట కూడా ప్రతిసారీ కొంచెం చిన్నదయ్యేది, ఆయన కొంచెం పెద్దయ్యేవాడు.

శకుంతల భోకర్ నుంచి తల్లి పదో రోజు అయ్యాక వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. సంచీ భుజాన ఉండగానే వాకిట్లో నిలబడి నల్లబడ్డ గోడ చూసింది, నా చేతి కట్టు చూసింది. నేను జరిగిందంతా చెప్పాను. అరుగు మీంచి కాకా, గోడకు చెప్పినట్టు, కాకూకు చెప్పాడు:

"గోనె కొత్తది తెప్పించిన. ఈసారి మంచిగ తడుపుమను దానికి."

శకుంతల సంచీ కింద పెట్టింది. స్నానాల గదిలోకి పోయింది. సిలిండరు కట్టేసి, రబ్బరు గొట్టాన్ని గోడ బొక్కలోంచి బయటికి లాగింది. సిలిండరును అంచు మీద వంచి, దొర్లించుకుంటూ, షాబాదు బండల మీద గరగరా చప్పుడు చేసుకుంటూ వంటింట్లోకి తీసుకుపోయింది. గట్టు కింద, దేవుడి గూటికి ఎదురుగా నిలబెట్టి, గొట్టాన్ని మళ్లీ స్టవ్‌కు బిగించింది. కాకా కుర్చీలోంచి లేచి గడప దాకా వచ్చాడు.

"ఏందిది? ఏం చేస్తుందది?" అన్నాడు కాకూతో.

శకుంతల ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మామయ్యా, నేను పోయిన్నాటికి ఒక్క దినం ముందు మా అమ్మకు మాట వోయింది. అంతదనుక నన్నే పిలిసిందట. నేను గీ గోనె మీద నీళ్లు వోసుకుంట కూసున్న. ఇగ నీళ్లు పొయ్య. గ్యాసు గిక్కడనే ఉంటది."

"గిక్కడ ఉంటె నేను ముద్ద ముట్ట!" అన్నాడు కాకా. ఈసారి కాకూతో కాదు, ఆమెతోనే.

"ముట్టకుండ్రి," అంది శకుంతల. స్నానం చేసొచ్చి, స్టవ్ ముట్టించి పప్పు పెట్టింది.

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను కావాలనే వాకిట్లో పని కల్పించుకుని చూస్తూ ఉన్నాను. నిష్ఠ గల మనిషి, ఎన్ని రోజులు తినకుండా ఉంటాడో, ఆమె నిలబడగలదో లేదో అని నాకు నిజంగానే భయంగా ఉంది. మామూలుగా తినే వేళ దాటింది. చింతపండు పప్పు పోపు వాసన వాకిలి దాకా వచ్చింది. ఆయన రెండుసార్లు దగ్గాడు. లేచి లోపలికి పోయాడు. పీట వాల్చిన చప్పుడు, నీళ్ల చెంబు పెట్టిన చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు: "పప్పు ఇంకింత వెయ్యుమను దానికి."

శకుంతల వేసింది. ఆ సిలిండరు ఒక్క బార దూరం జరగడానికి అడ్డుపడ్డ నిష్ఠంతా ఒక పూట ఆకలికి కూడా ఆగలేదు. ఆ సిలిండరు ఏకాదశికి ముందే జరిగి ఉంటే, భోకర్‌లో ఆ తల్లి ఎదురుగా ఉన్న కూతుర్ని పేరు పెట్టి పిలిచి కన్ను మూసేది.